పాత కారు ఇచ్చి కొత్తది తెచ్చుకున్నాం, పాతది మాత్రం ఇంకా మా పేరు మీదే తిరిగింది | ఎక్స్ఛేంజ్ లెక్క మొత్తం

ఈ రోజు ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడతా.

పోయిన ఏడాది, అంటే 2025 సెప్టెంబర్ చివర్లో ఒక రోజు పొద్దున, మా నాయన ఇంటి ముందర అరుగు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. ఫోన్ టింగుమంది. కళ్లజోడు పెట్టుకొని చదివి నన్ను పిలిచినాడు. "ఒరేయ్, మన కారు పుల్లూరు టోల్‌గేట్ దాటిందంటరా. డబ్బులు కట్ అయినాయి. ఏందిరా ఇది?"

పుల్లూరు అంటే కర్నూలు దాటి హైదరాబాద్ హైవే ఎక్కినాక వచ్చే టోల్. మేమున్నది ఆత్మకూరులో. నెల్లూరు ఆత్మకూరు కాదు, నంద్యాల జిల్లా ఆత్మకూరు, నల్లమల అంచున ఉండేది. మా కొత్త కారు మా ఇంటి ముందే ఉంది. మరి పుల్లూరు దాటింది ఏ కారు? యాభై రోజుల కింద షోరూంలో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేసిన మా పాత వ్యాగన్ ఆర్. ఇచ్చేసినాం, దండం పెట్టినాం, మర్చిపోయినాం. అది మాత్రం మమ్మల్ని మర్చిపోలేదు.

ఆ మెసేజ్ నుంచి మొదలై నాకు అర్థమైందంతా ఈ వీడియోలో చెప్తా. షోరూం పేరు, ఊరి పేరు, కొత్త బండి కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే ఇది ఒక్క షోరూం కథ కాదు. మీరు రేపు బైక్ ఎక్స్ఛేంజ్‌కి పోయినా ఇదే లెక్క. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి చాలు: ఎక్స్ఛేంజ్ అంటే ఒక బేరం కాదు, రెండు బేరాలు. ఒకటి మీరు కొనేది, ఇంకొకటి మీరు అమ్మేది. రెండోది ఆర్సీ మీద పేరు మారినప్పుడే అయిపోయినట్టు.

2,60,000 ఎలా మాయమైంది

ముందు డబ్బుల కథ.

మాది 2014 వ్యాగన్ ఆర్, ఏపీ 21 నంబర్. ఏపీ 21 అంటే పాత కర్నూలు జిల్లా కోడ్. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది కాబట్టి ఆ నంబర్ చూస్తేనే బండి వయసు తెలిసిపోతుంది. శ్రీశైలం పోవాలన్నా, కర్నూలులో ఆస్పత్రికి పోవాలన్నా అదే. మా నాయన దాన్ని బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. సర్వీస్ టైం దాటనిచ్చేవాడు కాదు. ప్రతి బిల్లూ బీరువాలో ఒక కవర్లో దాచినాడు. ఈ కవర్ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

షోరూంకి ముందు ఫోన్ చేసినాం. సేల్స్ అబ్బాయి చాలా బాగా మాట్లాడినాడు. ఫొటోలు పంపమన్నాడు, పంపినా. సాయంత్రం ఫోన్ చేసి మూడు నంబర్లు చెప్పినాడు. పాత కారుకు 2,60,000. ఎక్స్ఛేంజ్ బోనస్ 25,000. క్యాష్ డిస్కౌంట్ 20,000. మొత్తం కలిపితే 3,05,000 మాకు తగ్గాలి. నేను నోట్స్‌లో రాసుకున్నా. కానీ అతను వాట్సాప్‌లో రాసి పంపలేదు, నేను అడగలేదు. మొదటి తప్పు అదే.

మేం కొత్త బండి ధర, కలర్, లోన్ అన్నీ మాట్లాడుకొని బుకింగ్ కట్టినాం. అమ్మ వరలక్ష్మీ వ్రతం రోజు డెలివరీ కావాలంది. 2025 ఆగస్టు 8. మంచి రోజు.

ఆ రోజు పొద్దునే ఇంటిల్లిపాదీ పాత కార్లో బయలుదేరినాం. పూలదండ, కొబ్బరికాయ, నిమ్మకాయలు అన్నీ సిద్ధం. షోరూంలో కొత్త బండికి గుడ్డ కప్పి, బెలూన్లు కట్టి పెట్టినారు. మేం ఫొటోలు దిగుతుంటే ఒకాయన మా పాత కారు చుట్టూ తిరుగుతున్నాడు. ఇవాల్యుయేటర్ అంట. ఎడమ డోర్ పెయింట్ కొట్టించింది అన్నాడు, నిజమే. రెండో తాళం లేదు అన్నాడు, నిజమే. టైర్లు మార్చాలి, ఇన్సూరెన్స్ వచ్చే నెల అయిపోతుంది అన్నాడు. నేను లోపల కొంచెం భయపడ్డా.

తర్వాత సేల్స్ అబ్బాయి మా నాయన ముందర ఒక షీట్ పెట్టినాడు. అందులో ఒకే ఒక్క లైను: ఎక్స్ఛేంజ్ బెనిఫిట్ 2,60,000. "అంకుల్, మా వాళ్లు చాలా తక్కువ అన్నారు. నేనే మేనేజర్‌తో కొట్లాడి మీకు చెప్పిన 2,60,000 నిలబెట్టినా" అన్నాడు.

నాయన విన్నది 2,60,000. ఫోన్లో చెప్పిందీ 2,60,000. తల ఊపినాడు. నేను కూడా ఊపినా. సంతకాలు అయినాయి, కొబ్బరికాయ కొట్టినాం, నిమ్మకాయల మీద బండి పోనిచ్చినాం, ఇంటికొచ్చినాం.

రాత్రి పడుకొని బిల్లులు తిరగేస్తుంటే అర్థమైంది. ఆ 2,60,000లో పాత కారు ధర 2,15,000. దానికి బోనస్ 25,000, డిస్కౌంట్ 20,000 కలిపితే 2,60,000. ముందు చెప్పింది 2,60,000 ప్లస్ 45,000. ఇప్పుడిచ్చింది ఆ 45,000 కూడా కలిపి 2,60,000. నంబర్ అదే, లోపల ఉన్నది వేరే. 45,000 రూపాయలు మా కళ్లముందే పోయినాయి, మేం నవ్వుతూ ఫొటో దిగినాం.

పొద్దున ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "అన్నా, ఈఎంఐలో చూసుకుంటే నెలకు 700 చిల్లరే కదా తేడా." అవును, నిజమే. 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు 45,000 అప్పంటే నెలకు సుమారు 724. కానీ 84 నెలలు కడితే 60,000 దాటుతుంది. అందుకే షోరూంలో ఎవరైనా మీతో మొత్తం గురించి కాకుండా నెలవారీ గురించే మాట్లాడుతుంటే, అక్కడ ఆగండి.

వాళ్లు ఎందుకు అలా చేస్తారు

కోపం తగ్గినాక నాకు అసలు ప్రశ్న వచ్చింది. ఇది మోసమా, పద్ధతా? మా ఊర్లో పాత బండ్లు కొని అమ్మే అన్న ఒకాయన ఉన్నాడు. పోయి అడిగినా. నవ్వినాడు.

"షోరూం వాళ్లు నీ బండి ఉంచుకోరు తమ్ముడూ. నువ్వు పంపిన ఫొటోలు మా లాంటి బ్రోకర్ల గ్రూపులో పెడతారు. మేం రేటు చెప్తాం. ఎక్కువ చెప్పినోడిది తీసుకొని, అందులో వాళ్లది కొంచెం తీసి నీకు చెప్తారు. మొదట ఎక్కువ చెప్తేనే కదా నువ్వు షోరూంకి వచ్చేది" అన్నాడు.

అంటే షోరూంకి మన పాత బండి ఒక పక్క ఆదాయం. అది తప్పేం కాదు, వాళ్లకూ ఖర్చులుంటాయి. మన కారు అమ్మిపెట్టే శ్రమ మనకు తప్పుతుంది, దానికి కొంత ధర కట్టడం న్యాయమే. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ధర ఎంతో మనకు తెలియకుండా కట్టించుకోవడం. నాలుగు నంబర్లు ఉంటాయి: కొత్త బండి ధర, పాత బండి ధర, డిస్కౌంట్లు, ఈఎంఐ. నాలుగూ కలిపి ఒకే గిన్నెలో వేసి తిప్పితే, ఒక దగ్గర ఇచ్చినట్టు కనిపించి ఇంకో దగ్గర తీసుకోవచ్చు.

జీఎస్టీ సాకు కూడా చెప్తారు. మాకూ చెప్పినారు. "పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ అన్నా, అందుకే రేటు తగ్గింది" అని. ఇందులో సగం నిజం ఉంది. 2024 డిసెంబర్ 21న జీఎస్టీ కౌన్సిల్ పాత వాహనాలన్నిటికీ 18 శాతం అని నిర్ణయించింది. కానీ అది బండి మొత్తం ధర మీద కాదు, వ్యాపారి మార్జిన్ మీద. మన దగ్గర 2,15,000కు కొని 2,65,000కు అమ్మితే మార్జిన్ 50,000. దాని మీద 18 శాతం అంటే 9,000. మామూలు మనిషి సొంత కారు అమ్ముకుంటే అతనికి జీఎస్టీ లేనే లేదు. కాబట్టి జీఎస్టీ పేరు చెప్పి 45,000 తగ్గించడం కుదరదు.

ఇంకో వైపు కూడా చూడాలి. వాళ్లకూ మన బండి గురించి అనుమానం ఉంటుంది. దీని మీద జార్జ్ అకర్‌లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో ఒక పేపర్ రాసినాడు. దాని పేరులోనే నిమ్మకాయలున్నాయి. మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, అమెరికాలో పనికిరాని బండినే నిమ్మకాయ అంటారు. ఆయన చెప్పింది సింపుల్. బండి లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మంచి బండికి కూడా మధ్యరకం రేటే ఇస్తాడు. ఆ రేటుకు గిట్టక మంచి బండ్లవాళ్లు అమ్మడం మానేస్తారు, మార్కెట్లో నాసిరకమే మిగులుతుంది. 2001లో ఆయనకు ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

దీంట్లో మనకు పనికొచ్చే విషయం ఏంటి? మన బండి మంచిదని కాగితంతో చూపిస్తేనే మంచి రేటు అడగొచ్చు. మా నాయన దాచిన సర్వీస్ బిల్లుల కవర్ గుర్తుందా? ఆ రోజు అది బీరువాలోనే ఉండిపోయింది. పూలదండ గుర్తుపెట్టుకొని తీసుకుపోయినాం, ఆ కవర్ మర్చిపోయినాం.

అసలు భయం డబ్బులు కాదు

సరే, 45,000 పోతే పోయినాయి అనుకున్నాం. ఆరు వారాల తర్వాత, సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గి కొత్త బండ్ల ధరలే దిగినాయి. అది మా గాచారం, ఎవర్నీ ఏమనలేం. ఆ వారమే పుల్లూరు మెసేజ్ వచ్చింది.

ఫాస్టాగ్ సంగతి ముందు చెప్తా. అద్దం మీద స్టిక్కర్ పీకకుండా బండి ఇచ్చేసినాం. అది నాయన బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంది. ఎవరో మన డబ్బుతో టోల్ దాటుతున్నారు. వెంటనే బ్యాంకు కస్టమర్ కేర్‌కు చెప్పి ట్యాగ్ క్లోజ్ చేయించినా. అక్కడితో అయిపోయిందనుకున్నా. అక్టోబర్‌లో ఈ-చలాన్ వచ్చింది. ఓవర్ స్పీడ్. ఫొటోలో మా ఏపీ 21 నంబర్ స్పష్టంగా ఉంది. పేరు మా నాయనది.

షోరూంకి ఫోన్ చేస్తే, "ఆ బండి బ్రోకర్‌కి ఇచ్చేసినాం సార్, మాకు సంబంధం లేదు." బ్రోకర్ నంబర్ అడిగి అడిగి సంపాదిస్తే, "నేను కర్నూలు పార్టీకి అమ్మేసినా." ఆ పార్టీ ఫోన్ ఎత్తడు.

ఇది ఎలా జరిగింది? డెలివరీ రోజు నాయనతో చాలా సంతకాలు పెట్టించుకున్నారు. వాటిలో ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. 29 అంటే అమ్మేవాడు "నా బండి ఫలానా వాళ్లకు ఇచ్చాను" అని ఆర్టీవోకు తెలియజేసే నోటీసు. 30 అంటే పేరు మార్పిడి దరఖాస్తు. రెండింట్లోనూ కొనేవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ. తేదీ ఖాళీ. నాయన సంతకం మాత్రం ఉంది. ఆ కాగితాలు బండితోపాటే చేతులు మారుతూ పోతాయి. ఆఖరికి ఎవరో ఒకరు తన పేరు రాసుకొని ఆర్టీవోకి పోయేదాకా బండి మనదే.

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 50. రాష్ట్రం లోపల అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పిడికి పోవాలి. చాలామందికి తెలియనిది ఆ మొదటి ముక్క. అది మన పని. షోరూం వాడు చేస్తాడులే అని మనం వదిలేస్తాం.

వదిలేస్తే ఏమవుతుంది? 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి కేసులోనే తీర్పు ఇచ్చింది. ఒకాయన 2007లో తన మారుతి 800 అమ్మేసినాడు. అది అక్కడి నుంచి ఇంకొకరికి, ఇంకొకరికి పోయింది. ఆర్సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉంది. 2009లో ఆ కారు రివర్స్‌లో వస్తూ వీధిలో నడిచిపోతున్న ఒక చిన్న పిల్లాడి మీదికి ఎక్కింది. పిల్లాడు చనిపోయినాడు. పరిహారం ఎవరు కట్టాలి అనేదే ప్రశ్న. సుప్రీంకోర్టు చెప్పింది ఇది: చట్టం దృష్టిలో ఓనర్ అంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఆ బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగలేరు కదా. కాబట్టి ఆర్సీలో పేరున్నాయనే బాధ్యుడు.

ఒకసారి ఆలోచించండి. రెండేళ్ల కింద అమ్మేసిన బండి. ఎవరు నడిపారో తెలియదు. అప్పటికి ఇన్సూరెన్స్ కూడా లేకపోతే లక్షల పరిహారం నేరుగా ఆర్సీ మీద పేరున్నవాళ్ల జేబులోంచి. మా పాత కారు ఇన్సూరెన్స్ అయిపోయేదీ సెప్టెంబర్‌లోనే. అంటే ఆ చలాన్ పడిన రోజు ఆ బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా మాకు తెలియదు.

తర్వాత నవంబర్ 10. ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలుడు. టీవీ అంతా అదే. ఆ కారు హర్యానా రిజిస్ట్రేషన్‌ది, చాలా చేతులు మారింది. పోలీసులు ముందుగా పోయిన చోట్లలో ఒకటి ఆర్సీ మీద పేరున్నాయన ఇల్లు. తాను దాన్ని ఎప్పుడో అమ్మేశానని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. మా నాయన ఆ వార్త చూస్తూ భోజనం మధ్యలో ఆపేసినాడు. "మన బండి ఇప్పుడు యాడుందో నీకు తెలుసారా?" అన్నాడు. నాకు తెలియదు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. డబ్బులు పోయినప్పుడు ఒక్క మాట కూడా అనని మనిషి.

మేం ఏం చేసినాం

పొద్దున లేచి మూడు పనులు చేసినాం.

ఒకటి, ఆర్టీవో ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చినాం. ఫలానా తేదీన, ఫలానా షోరూంకి, ఎక్స్ఛేంజ్‌లో బండి అప్పగించినాం అని. దానికి కొత్త బండి బిల్లు, ఎక్స్ఛేంజ్ షీట్ కాపీలు జత చేసినాం. ఒక కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకున్నాం. అదే లెటర్ షోరూంకి స్పీడ్ పోస్టులో, ఈ-మెయిల్‌లో పంపినాం.

రెండు, 1915కు ఫోన్ చేసినా. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నంబర్ ఇస్తారు. ఆ నంబర్ కూడా ఈ-మెయిల్‌లో పెట్టినా. చెప్పాలంటే, అప్పటిదాకా మాకు సంబంధం లేదన్నవాళ్లు ఆ తర్వాతే తిరిగి ఫోన్ చేసినారు.

మూడు, ప్రతి వారం ఎం-పరివాహన్ యాప్‌లో పాత నంబర్ కొట్టి చూసినా. పేరు మారిందా, ఇన్సూరెన్స్ ఉందా, అని.

డిసెంబర్‌లో పేరు మారింది. ఆ రోజు స్క్రీన్‌షాట్ తీసి నాయనకు చూపించినా. చలాన్ డబ్బులు షోరూం వాళ్లే కట్టినారు. 45,000 మాత్రం రాలేదు. ఎందుకంటే 2,60,000 ప్లస్ 45,000 అని వాళ్లు చెప్పినట్టు నా దగ్గర ఒక్క అక్షరం ముక్క లేదు. నా నోట్స్‌లో నేను రాసుకున్నది ఉంది, అంతే. షీట్ మీద మా సంతకం ఉంది.

మీరు ఏం చేయాలి

ఇప్పుడు మీ కోసం. ఫోన్ తీసి నోట్ చేసుకోండి, బైక్‌కైనా కారుకైనా ఇదే.

షోరూంకి పోకముందు, పాత బండికి కనీసం మూడు చోట్ల రేటు అడగండి. ఒకటి ఆన్‌లైన్ యాప్, ఒకటి మీ ఊరి బ్రోకర్, ఒకటి ఇంకో షోరూం. అప్పుడు మీకు ఒక అంచనా ఉంటుంది. సర్వీస్ బిల్లులు, రెండో తాళం, ఇన్సూరెన్స్ కాపీ ఒక కవర్లో పెట్టుకోండి. లోన్ తీరిపోయినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకొని ముందే దాన్ని తీయించుకోండి. లేకపోతే ఆ సాకుతో ఇంకొంత తగ్గిస్తారు.

షోరూంలో ముందు కొత్త బండి ధర తేల్చండి, పాత బండి ఊసెత్తకండి. ఆన్ రోడ్ ధర, డిస్కౌంట్ రాసివ్వమనండి. అది అయిపోయినాక పాత బండి ధర వేరే లైనులో, బోనస్ వేరే లైనులో అడగండి. కనీసం వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. "అన్నా, ఇది మాట్లాడుకున్నట్టేనా?" అని మీరు మూడు నంబర్లూ టైప్ చేసి పంపి, అతనితో అవును అనిపించుకున్నా చాలు. బండి తనిఖీ డెలివరీ రోజు కాకుండా బుకింగ్ కంటే ముందే చేయించండి. దండ పట్టుకొని, అమ్మా నాన్నా పక్కన నిలబడి ఉన్నప్పుడు మనం బేరం ఆడలేం. అది వాళ్లకు తెలుసు.

నో క్లెయిమ్ బోనస్ అని ఒకటుంది. ఇది బండిది కాదు, మనిషిది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతంతో మొదలై, ఐదేళ్లకు 50 శాతం దాకా పోతుంది. పాత బండి ఇచ్చేసేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర దాని లెటర్ తీసుకుంటే, మూడేళ్ల లోపు కొత్త బండికి వాడుకోవచ్చు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద తగ్గుతుంది. ఆ ప్రీమియం 16,000 అనుకుంటే 50 శాతం అంటే 8,000 మిగులు. మా నాయనకు ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు. షోరూంలో ఇన్సూరెన్స్ టేబుల్ దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇంకోటి, ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని లేదు, మీకు నచ్చిన కంపెనీ దగ్గర తీసుకోవచ్చు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. బండి అప్పగించే రోజు ఈ ప్రశ్న అడగండి: "పాత బండ్లకు మీకు ఆథరైజేషన్ ఉందా? ఫారం 29సీ ఇస్తారా?" 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు పెట్టింది. పాత బండ్లు కొని అమ్మే డీలర్లు ఆర్టీవో దగ్గర అనుమతి సర్టిఫికెట్ తీసుకోవాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. అలాంటి డీలర్‌కు బండి ఇచ్చినప్పుడు ఓనర్, డీలర్ కలిసి ఫారం 29సీ ఆన్‌లైన్‌లో ఇస్తారు. ఆ క్షణం నుంచి ఆ బండికి డీలరే ఓనర్ కింద లెక్క. తర్వాత ఏం జరిగినా బాధ్యత వాళ్లది. ఆ బండిని వాళ్లు ఇష్టమొచ్చినట్టు తిప్పకూడదు కూడా. ట్రయల్‌కు, రిపేరుకు, పెయింటింగ్‌కు, ఇలాంటి పనులకే తీయాలి, ఎక్కడికి పోయిందో రిజిస్టర్ రాయాలి. మాకు ఈ రూల్ ఆగస్టులో తెలిసి ఉంటే, పుల్లూరు మెసేజ్ నా వీడియోలోకి వచ్చేదే కాదు.

29సీ లేదంటారా? అయితే పేరు రాయని ఫారాల మీద సంతకం పెట్టకండి. కొనేవాళ్ల పేరు, తేదీ రాసినాకే పెట్టండి. "ఫలానా రోజు, ఫలానా టైంకు, ఇన్ని కిలోమీటర్ల రీడింగ్‌తో బండి తీసుకున్నాం, ఇకపై బాధ్యత మాది" అని లెటర్‌హెడ్ మీద డెలివరీ నోట్ రాయించుకోండి. ఓడోమీటర్ ఫొటో తీయండి. ఫాస్టాగ్ అక్కడికక్కడే క్లోజ్ చేయండి. 14 రోజుల్లో మీ వైపు నుంచి ఆర్టీవోకు నోటీసు ఇవ్వండి. పేరు మారేదాకా వారానికోసారి యాప్‌లో చూడండి.

అయినా అన్యాయం జరిగితే 1915 ఉంది. అది పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన విలువ 5 లక్షల వరకు ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు. షోరూం ఏ ఊర్లో ఉన్నా, మీరుండే చోటే కేసు వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. కానీ అక్కడ కూడా అడిగేది కాగితమే.

చివరగా ఒక మాట. మేం చదువుకున్నోళ్లం, ఫోన్లో అన్నీ చూసుకునేవాళ్లం అనుకుంటాం. కొత్త బండి గురించి నేను నలభై వీడియోలు చూసినా. సన్‌రూఫ్, మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, అన్నీ. పాత బండి ఇచ్చేయడం గురించి ఒక్కటి కూడా చూడలేదు. మా నాయన సంతకం పెట్టేటప్పుడు నా మొహం వైపు చూసినాడు, పెట్టొచ్చా అన్నట్టు. నేను కొత్త బండి డోర్ తీసి లోపల చూస్తూ, "పెట్టు నాయనా" అన్నా.

మీ ఇంట్లో కూడా ఆ టేబుల్ దగ్గర పెద్దవాళ్లు చూసేది మీ వైపే. అప్పుడు మీరు మాత్రం ఒకసారి కూర్చొని ఆ కాగితం చదవండి. కొత్త బండి ఎక్కడికీ పోదు.

ఈ ఎపిసోడ్ ఇంతే. బండి మార్చే ఆలోచనలో ఉన్న వాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, వాళ్లకు చూపించండి. మళ్లీ కలుద్దాం. నమస్తే.